అరగంట నడిపిన ఆరెక్స్ హండ్రెడ్

ప్రశ్న:

తెనాలి నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు ముప్పై తొమ్మిది. గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం, రోజూ రానూపోనూ యాభై కిలోమీటర్ల పైమాటే. ఇంట్లో భార్య, రెండో తరగతి చదివే పాప.

2023 సంక్రాంతికి ఆయన 350 సీసీ కొత్త బండి కొన్నారు. బరువు 195 కిలోలు. ముందు కట్టిన డబ్బులో అరవై వేలు మామగారు ఇచ్చారు. అది దుగ్గిరాల యార్డులో పసుపు అమ్మగా వచ్చిన డబ్బు. మిగతాది ఫైనాన్స్, ఇంకా తొమ్మిది వాయిదాలున్నాయి. బండిలో లోపమేమీ లేదు, వేళకు సర్వీసింగ్ చేయిస్తున్నారు. కానీ ఎక్కిన ప్రతిసారీ బియ్యం బస్తా మీద కూర్చున్నట్టు ఉంటుందట.

చిన్నప్పటి స్నేహితుడికి ఊళ్లోనే మెకానిక్ షెడ్ ఉంది. ఆయన 1994 నాటి యమహా ఆరెక్స్ 100 ఒకటి సంపాదించి, విప్పి, రంగు వేసి, కొత్తదానిలా చేశారు. ఒక ఆదివారం మధ్యాహ్నం కొల్లిపర వైపు కరకట్ట మీద నడిపి చూడమన్నారు. ఆ అరగంట గురించి మన పాఠకుడు ఒకటిన్నర పేజీ రాశారు. “మలుపు దగ్గర నేను తిప్పలేదండీ. తిరగాలనుకున్నాను, అది తిరిగింది” అన్న మాట ఒక్కటే ఇక్కడ ఇస్తున్నాను.

దిగేసరికి స్నేహితుడు బేరం పెట్టారు. “నీ బండి నాకిచ్చెయ్, నాది నువ్వు తీసుకో. రూపాయి అటూ ఇటూ వద్దు. సర్వీసింగ్ జీవితాంతం నాది.”

భార్య ఒప్పుకోవడం లేదు. “ముప్పై ఏళ్ల బండి కోసం మూడేళ్ల బండి ఇచ్చేవాళ్లని మిమ్మల్నే చూశాను. మా నాన్నకు మీరే చెప్పుకోండి” అన్నారట. మామగారికి చెప్పడానికి ఈయనకు నోరు రావడం లేదు. స్నేహితుడేమో వేరేవాళ్లు అడుగుతున్నారని రోజూ ఫోన్ చేస్తున్నారు. మార్చుకోవాలా వద్దా, ఒక్క మాటలో చెప్పండి అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

ఒక్క మాటలో చెప్పలేనండీ. మీరు అడిగినది పైకి ఒక ప్రశ్నలా ఉంది గానీ, విప్పితే మూడు నాలుగు ఉన్నాయి.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. 1992లో నేనూ ఆరెక్స్ కొన్నాను, తొమ్మిదేళ్లు నడిపాను. ఇప్పటికీ వీధిలో ఆ చప్పుడు వినబడితే కిటికీ దగ్గరికి వెళ్లి చూస్తాను. కాబట్టి నా మాటలో పక్షపాతం ఉంటే మీరే తీసేసి చదువుకోండి.

మీ ఉత్తరం మూడో పేజీలో, బ్రాకెట్‌లో, ఒక వాక్యం ఉంది. “పోయిన జూన్‌లో పాప స్కూలు గేటు దగ్గర బండి ఒరిగి పడిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు.” ఆ వెంటనే మైలేజీ లెక్కల్లోకి వెళ్లిపోయారు. నాకైతే ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన ముక్క అదే అనిపించింది. పాప చూస్తుండగా, నలుగురు తల్లిదండ్రుల మధ్య బండి పడిపోతే, ఎవరో వచ్చి చెయ్యేసి లేపితే, ఆ నామోషీ చిన్నది కాదు. 195 కిలోల బండి కాస్త ఒరిగినప్పుడే పట్టుకోవాలి. అది దాటితే పహిల్వాన్ కూడా ఆపలేడు. స్కూలు గేట్ల దగ్గర రోడ్డు పక్కకు వాలుగా ఉంటుంది, కాలు ఆనుతుందనుకున్న చోట ఆనదు. అది చేతగానితనం కాదు.

ఒకటి గుర్తు తెచ్చుకోండి. ఈ బండి బస్తాలా అనిపించడం జూన్‌కి ముందే మొదలైందా, ఆ తర్వాతా? ముందే అయితే బండికీ మీకూ నిజంగానే కుదరలేదు. తర్వాతే అయితే ఆరెక్స్ తెచ్చుకున్నా ఆ గేటు దగ్గర గుండె దడ అలాగే ఉంటుంది. ఇది మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇక ఆ అరగంట. మీకు కలిగింది భ్రమ కాదు. ఆరెక్స్ 100 బరువు సుమారు 100 కిలోలు, అంటే మీ బండిలో సగం. చక్రాల మధ్య దూరం తక్కువ, టైర్లు సన్నం. దాంతో వంచితే వంగుతుంది, లేపితే లేస్తుంది. 98 సీసీ ఇంజన్ 11 హార్స్‌పవర్ ఇచ్చేది. 1985లో మన దగ్గర ఆ సైజు బండికి అది చాలా ఎక్కువ. టూ స్ట్రోక్ కాబట్టి క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) తిరిగిన ప్రతి చుట్టుకీ ఒకసారి పెట్రోల్ మండుతుంది. మీ బండిలాంటి ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారి. యాక్సిలరేటర్ తిప్పగానే వీపు వెనక ఎవరో తోసినట్టు ఉండేది అందుకే. 1996లో పొగ నిబంధనలు బిగిసి దాని తయారీ ఆగిపోకపోతే ఇంకా ఎన్నేళ్లు అమ్ముడుపోయేదో.

అయితే ఒక చిన్న లెక్క వేయండి. మీ బరువు 70 కిలోలనుకుందాం. ఆరెక్స్ మీద మీరొక్కరే ఉంటే ఒక్కో హార్స్‌పవర్ పదిహేను కిలోల పైన లాగాలి. మీ బండికి 20 హార్స్‌పవర్ ఉంది, దాని వంతు పదమూడు కిలోల పైచిలుకు. కాగితం మీద మీ బస్తాదే పైచేయి. ఇప్పుడు వెనక మీ ఆవిడ, మధ్యలో పాప, ఇంకో 75 కిలోలు కలపండి. ఆరెక్స్ వంతు ఇరవై రెండుకు ఎక్కుతుంది, మీ బండిది పదిహేడు దగ్గర ఆగుతుంది. బరువు తక్కువ ఉండటమే దాని అందం. ఆ అందం ఒంటరిగా నడిపినంతసేపే. ముగ్గురెక్కితే వెనక స్ప్రింగులు కూర్చుండిపోతాయి, ముందు చక్రం తేలికపడుతుంది, మలుపులో అనుకున్నట్టు తిరిగిన బండి కాస్తా రోడ్డుతో పోట్లాడుతుంది.

మీరు నడిపింది ఆదివారం మధ్యాహ్నం, పొడి రోడ్డు మీద, ఒంటరిగా, ఖాళీ కరకట్ట మీద. మీ సోమవారం అలా ఉండదు. రాత్రి ఎనిమిదికి గుంటూరు నుంచి వస్తుంటే వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కు ఎదురుగా ప్రత్యక్షమవుతుంది. అప్పుడు మీకు కావాల్సింది వెలుతురు, బ్రేకు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోనివ్వని ఏర్పాటు) తప్పనిసరి, కాబట్టి మీ బండికి ఉంది. ఆరెక్స్‌కి ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే, అవి తడిస్తే కాసేపు పట్టవు. దానికి తోడు టూ స్ట్రోక్ ఇంజన్‌కి ఇంజన్ బ్రేకింగ్ పెద్దగా ఉండదు. మీ బండిలో యాక్సిలరేటర్ వదిలితే ఇంజనే వెనక్కి లాగి పట్టుకుంటుంది. ఆరెక్స్‌లో వదిలినా పోతూనే ఉంటుంది. మూడేళ్లుగా మీ చేతికి అలవాటైన దూరాలు మొదటి నెల మిమ్మల్ని మోసం చేస్తాయి.

నాకో అనుభవం ఉంది. శ్రీశైలం ఘాట్‌లో దోర్నాల వైపు దిగుతున్నాను. టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ లోపల జిడ్డుకోసం విడిగా పోసే నూనె) డబ్బా ఖాళీ అయిందని చూసుకోలేదు, తప్పు ముమ్మాటికీ నాదే. దిగుడులో యాక్సిలరేటర్ మూసేస్తే పంపు ఇచ్చే ఆయిలే తక్కువ. అందులో డబ్బాలో లేకపోతే ఇక చెప్పేదేముంది. పిస్టన్ ఇరుక్కుని ఇంజన్ పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుపోయింది. వేళ్లు వాటంతట అవే క్లచ్ నొక్కాయి కాబట్టి ఈ సమాధానం రాస్తున్నాను. అప్పటినుంచి బయల్దేరే ముందు ఆయిల్ చూడటం చెప్పులేసుకోవడంలాగా అయిపోయింది. మీకు అలాంటి ఓపిక ఉందా? కొందరికి అదే సరదా, రోజూ పొద్దున బండికి ఏదో ఒకటి చేస్తే గానీ వాళ్లకి తోచదు. మీ ఉత్తరంలో పొద్దున ఏడున్నరకు పాప జడలు కూడా మీరే వేస్తారని ఉంది.

పెట్రోల్ సంగతి కూడా ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 1994 నాటి రబ్బరు పైపులు, కార్బరేటర్ సీళ్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, వారాల తరబడి నిలిపితే ఇనుప ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. కార్బరేటర్‌లో పెట్రోల్ వదిలే పాత జెట్లతోనే నడిపితే గాలి, పెట్రోల్ మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది, వేడెక్కిన టూ స్ట్రోక్ ఎప్పుడో ఒకప్పుడు పట్టేస్తుంది. ఇవన్నీ సరిచేయగలిగినవే. మీ స్నేహితుడు సరిచేశారో లేదో అడగండి.

ఇప్పుడు బేరం దగ్గరికి వద్దాం. “రూపాయి అటూ ఇటూ వద్దు” అన్న మాటే నాకు నచ్చలేదు. ఆయన మోసగాడని కాదు. మార్పిడిలో ఉన్న ఇబ్బందే అది. మీరు ఒక బండి అమ్ముతున్నారు, ఇంకో బండి కొంటున్నారు. రెండూ వేరు వేరు పనులు. మార్పిడి అనగానే అవి ఒకటైపోతాయి, రెండు ధరలూ కనబడకుండా పోతాయి. మీ బండిని రేపు నగదుకు అమ్మితే ఎంత వస్తుందో ఇద్దరు ముగ్గురిని అడిగి కాగితం మీద రాయండి. కింద, ఈ ఆరెక్స్‌ని మీరు జేబులోంచి నోట్లు తీసి ఎంతకు కొంటారో రాయండి. స్నేహితుడు చెప్పిన ధర కాదు, మీ చెయ్యి ఎక్కడ ఆగుతుందో ఆ ధర. రెండంకెల మధ్య తేడా చూశాక కూడా మార్పిడి న్యాయంగానే అనిపిస్తే నాకు అభ్యంతరం లేదు. మీ ఆవిడ చేతా ఒక అంకె రాయించండి. ఆమె కోపం సగం దిగుతుంది, ఎందుకో మీకే తెలుస్తుంది.

ఇంకో చిక్కు. వాయిదాలు ఉన్నాయంటే మీ ఆర్సీలో ఫైనాన్స్ వాళ్ల పేరు ఉంటుంది. అప్పు తీర్చి, వాళ్లిచ్చిన ఎన్‌ఓసీతో, అంటే అభ్యంతరం లేదన్న పత్రంతో, ఆ పేరు తీయించేదాకా బండి ఇంకొకరి పేరుకు మారదు. “ముందు బండ్లు మార్చుకుందాం, కాగితాలు తర్వాత చూసుకుందాం” అని మీ స్నేహితుడు అనొచ్చు. మన ఊళ్లలో అది మామూలే. కానీ పేరు మారకుండా బండి చేతులు మారి, ఆ తర్వాత ప్రమాదం జరిగితే నష్టపరిహారం రికార్డులో యజమానిగా ఉన్నవాడి మెడకు చుట్టుకుంటుంది. 2018లో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. ఆయన షెడ్‌లో పనిచేసే కుర్రాడు మీ బండి తీసుకుని టీకి వెళ్లినా బాధ్యుడు మీరే. కాబట్టి తొమ్మిది వాయిదాలూ ఒకేసారి కట్టే స్తోమత ఉంటే తప్ప ఈ మార్పిడి ఈ నెలలో అయ్యే పని కాదు. “వేరేవాళ్లు అడుగుతున్నారు” అన్న మాటకు ఇదే జవాబు చెప్పండి. నిజం కూడా.

జీవితాంతం సర్వీసింగ్ సంగతి. అమ్మేవాడు, మెకానిక్, స్నేహితుడు ముగ్గురూ ఒకరే అయితే మొదటిసారి ఇంజన్ పట్టేసిన రోజున మీరు ఎవరి దగ్గరికి వెళతారు? ఎవరి మీద విసుక్కుంటారు? ఇది తప్ప దాని గురించి చెప్పేదేమీ లేదు.

మీ ముందున్న దారులు నాకు తోచినంతవరకు ఇవి.

బండి ఉంచుకుని, దాన్ని మీకు తగ్గట్టు చేయించుకోవచ్చు. సర్వీసింగ్ అంటే ఆయిల్ మార్చడమే కాదు. టైర్లలో గాలి ఎంత ఉండాలో అంతే ఉందా? కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, బిగుసుకుపోతే ముందు చక్రం నేరుగా పోవాలా పక్కకు తిరగాలా తేల్చుకోలేనట్టు ఊగుతుంది. సరిగ్గా బస్తాలాగే. వెనక షాకులు ఒక్కరికి, ఇద్దరికి వేరే మెట్టులో పెట్టుకోవచ్చు. మూడేళ్లలో ఒక్కసారైనా తిప్పారా? సీటు ఒక అంగుళం తగ్గించినా కాలు పూర్తిగా ఆనుతుంది. స్కూలు గేటు దగ్గర ఆపకండి, యాభై అడుగుల ఇవతల చదునుగా ఉన్న చోట ఆపి పాపను నడిపించి తీసుకెళ్లండి. ఇదంతా చేసినా 195 కిలోలు 195 కిలోలే. కానీ ఖర్చు రెండు మూడు వేలు దాటదు, వెనక్కి తిరగలేని అడుగు ఒక్కటీ వేయరు.

లేదా, వాయిదాలు తీరాక ఇది అమ్మి తేలికపాటి కొత్త బండి కొనుక్కోవచ్చు. 150, 160 సీసీల్లో 140 కిలోల లోపు బరువున్నవి, ఏబీఎస్ ఉన్నవి దొరుకుతాయి. చేతికి లొంగుతాయి, ముగ్గురిని మోస్తాయి. ఆరెక్స్ చప్పుడు రాదు. మీకు కావాల్సింది తేలికదనమా, ఆ చప్పుడా అనేది ఇక్కడ తేలిపోతుంది. ఈ దారి చదువుతుంటే మీ మనసు చప్పబడిపోతే, మీరు వెతుకుతున్నది హ్యాండ్లింగ్ కాదు.

రెండూ ఉంచుకోవడం మూడోది. రోజువారీ పనికి కొత్తది, ఆదివారం కరకట్టకి ఆరెక్స్. నన్నడిగితే ఆరెక్స్‌ని సుఖంగా అనుభవించే పద్ధతి ఇదే. దానికి నగదు కావాలి, వర్షానికి తడవని చోటు కావాలి, తాళం మీద తాళం కావాలి. ఆ బండ్లు దొంగతనాలకు గురి. పాత బండికి సాధారణంగా థర్డ్ పార్టీ బీమాయే చేయిస్తారు, పోతే పైసా రాదు. ఏడాదికి ఎంత పెట్టగలరో ముందే ఒక హద్దు గీసుకోకపోతే ఆదివారం సరదా మంగళవారం అప్పవుతుంది.

చివరిది మీరు అనుకుంటున్నదే, ఉన్నది ఇచ్చి ఆరెక్స్ ఒక్కటే ఉంచుకోవడం. చేయకూడనిదేమీ కాదు. అప్పు తీర్చి, కాగితాలు మార్చి, ముగ్గురు కలిసి వెళ్లాల్సి వస్తే బస్సు, ఆటో అనుకుని, రాత్రి ప్రయాణాలు తగ్గించుకోగలిగితే దాంతోనే బతకొచ్చు. అలా బతికినవాళ్లం ఉన్నాం. కానీ ఆ సర్దుబాట్లన్నీ మీవి కావు. సగం మీ ఆవిడవి. ఆమె ఒప్పుకోకుండా ఈ దారి పట్టకండి. నిర్ణయించే ముందు స్నేహితుణ్ణి అడిగి ఆ బండి వారం రోజులు తెచ్చుకోండి. గుంటూరు వెళ్లి రండి, ఒక రాత్రి, వీలైతే ఒక వానలో. మీ ఆవిడను ఎక్కించుకుని సంతకు వెళ్లండి. వారం ఇవ్వడానికి ఆయన తటపటాయిస్తే అదీ ఒక సమాచారమే. ఇంజన్ బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి వెడల్పు, ఏ సైజులో ఉందో కూడా అడగండి. అరిగినప్పుడల్లా దాన్ని కాస్త పెద్దది చేస్తారు. ఇంకా స్టాండర్డ్‌లోనో పాయింట్ ట్వంటీ ఫైవ్‌లోనో ఉంటే మంచిదే. ఆఖరి సైజుకు వచ్చేసి ఉంటే మళ్లీ బోరింగ్‌కు చోటు లేదు, తర్వాతి ఖర్చు మీదే.

మామగారి సంగతి. ఆ అరవై వేలు ఆయన అప్పుగా ఇవ్వలేదు, తిరిగి అడగరు. ఆయనకు బాధ కలిగేది డబ్బు పోయినందుకు కాదు, మీరు చెప్పకముందే దుగ్గిరాలలో ఎవరో “మీ అల్లుడు బండి మార్చాడటగా” అన్నప్పుడు. కాబట్టి ఏ దారి పట్టినా, పట్టకముందే వెళ్లి చెప్పండి. అనుమతి అడగడానికి కాదు. “ఈ బండి బరువు నాకు కుదరడం లేదు మామయ్యా, గేటు దగ్గర పాప చూస్తుండగా పడిపోయింది” అనండి. ఆ మాట మీరు ఇంతవరకు ఎవరితోనూ అనలేదని నా అనుమానం. వ్యవసాయం చేసిన మనిషికి బరువు కుదరకపోవడం అంటే ఏమిటో వివరించాల్సిన పని ఉండదు.

అన్నిటికంటే ముందు, ఈ వారంలోనే, ఆ ఆరెక్స్ ఆర్సీ జిరాక్స్ అడిగి తీసుకోండి. నంబర్ ఏపీ 9తో మొదలవుతుందని రాశారు. అంటే అది హైదరాబాద్ బండి, ఇప్పుడు తెలంగాణ లెక్కలోది. మీ పేరుకు మారాలంటే అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ రావాలి, తర్వాత ఇక్కడ రిజిస్ట్రేషన్, పన్ను. మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు, అంటే 2009కి అయిపోయి ఉంటుంది. అక్కడినుంచి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 2009, 2014, 2019, 2024. బండి వివరాలు చూపే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో నంబర్ కొట్టి చూడండి, తర్వాత షెడ్‌కి వెళ్లి హ్యాండిల్ కింద ఛాసిస్ మీద కొట్టిన నంబర్, ఇంజన్ నంబర్ ఆర్సీలో ఉన్నవేనా అని అక్షరం అక్షరం పోల్చండి. అంకెల చుట్టూ రుద్దిన గుర్తులు కనబడినా, 2024 రెన్యువల్ లేకపోయినా, పైన నేను రాసిన లెక్కలేవీ వేయనక్కర్లేదు.